కొత్త ఫోనులో తెలుగు ఒత్తుల తీరు: ఆండ్రాయిడ్ 16 మీద నా పరిశీలన, ఒక సందేహం

నందివర్ధనం, హైదరాబాదు
ఆదివారం, ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం.

ఆండ్రాయిడ్ 16 ఉన్న ఫోనొకటి కొని మూడు వారాలైంది. కెమెరా గురించీ బ్యాటరీ గురించీ సమీక్షలు కావలసినన్ని వస్తున్నాయి కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. ఏ కొత్త ఫోను చేతికి వచ్చినా నేను మొదట చూసేది అందులో తెలుగు ఎలా కనబడుతున్నదన్న సంగతి. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, వైశిష్ట్యం, కార్త్స్న్యం అనే అయిదు మాటలను ఒకే సందేశంలో రాసి, ఒత్తులు సరైన చోట కూర్చున్నాయా, కింది వరుసకు తగులుతున్నాయా, అంచు దగ్గర తెగిపోతున్నాయా అని పరిశీలించడం నాకు ఏళ్ల తరబడి ఉన్న అలవాటు.

ఈ ఫోనులో ఆ అయిదు మాటలూ నిండుగా కనిపించాయి. సెట్టింగుల పేజీలలోనూ, నోటిఫికేషన్లలోనూ అక్షరాలు నా పాత ఫోనులో కన్నా ఎత్తుగా, ఇరుకు వదిలినట్టుగా ఉన్నాయి. థ లోపలి చుక్క, ఠ లోపలి చుక్క చిన్న అక్షరాలలో కూడా పూడుకుపోలేదు. ఇంతవరకూ నాకు ఎంతో సంతోషం.

అయితే ఈ ఫోను కొన్నది మా నాన్నగారి కోసం. ఆయనకు డెబ్బై రెండేళ్లు, ఫోనంతా తెలుగులోనే వాడతారు. పాత ఫోనులో ఒకసారి కరెంటు బిల్లు కట్టడానికి ఒక బ్యాంకు యాప్ తెరిచి, అంకెలన్నీ సరిగా నింపి, చివరి మీట దగ్గర ఆగిపోయారు. ఆ మీట మీద ఉన్న మాట 'నిర్ధారించు'. మీట ఎత్తు చాలక ర కింద ఉండవలసిన ధ ఒత్తు పూర్తిగా కోసుకుపోయింది. మిగిలినది 'నిరారించు'. అటువంటి మాట తెలుగులో లేదు గనుక ఆయన కన్ను దాన్ని తనకు తెలిసిన మాటగా సరిచేసుకుని 'నిరాకరించు' అని చదివింది. డబ్బు కట్టవలసిన చోట నిరాకరించమని ఎందుకు అడుగుతున్నదో అర్థం కాక మూడుసార్లు వెనక్కి వచ్చేశారు. గడువు దాటింది, అపరాధ రుసుము పడింది. నాకు ఆ సంగతి వారం తరువాత తెలిసింది.

కొత్త ఫోనులో ఈ ఇబ్బంది తీరుతుందనుకున్నాను. మిగతా అన్నిచోట్లా తీరింది, ఆ ఒక్క యాప్‌లో మాత్రం ధ ఒత్తు ఇప్పటికీ తెగే ఉంది. ఫోనులోని వ్యవస్థ బాగుపడిన తరువాత కూడా యాప్ ఎందుకు బాగుపడలేదో తెలిసినవారు చెప్పగలరా?

కొమ్ముదీర్ఘం, తిరుపతి
ఆదివారం, ఉదయం 9.15

నందివర్ధనం గారూ, మీరు చూసిన మార్పు ఊహ కాదు, దాని వెనుక పదమూడేళ్ల కథ ఉంది.

ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలు సరిగా కనబడడం 2012లో వచ్చిన 4.1 వెర్షనుతో మొదలైంది. అంతకు ముందు ఫోన్లలో తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. తెలుగు వార్త చదవాలంటే ఒపేరా మినీ బ్రౌజరులో ఒక రహస్య పేజీ తెరిచి, క్లిష్ట లిపులను బొమ్మలుగా పంపమని చెప్పుకోవలసి వచ్చేది. 2014లో వచ్చిన 5.0తో మెనూలు కూడా తెలుగులోకి వచ్చాయి. అయితే ఆ మెనూలలోని వరుసల ఎత్తు ఇంగ్లీషు అక్షరాల కొలతకు నిర్ణయించినది. ఇంగ్లీషులో అక్షరం గీత కిందికి కొద్దిగా మాత్రమే దిగుతుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు, ఒక్కొక్కప్పుడు ఒత్తు కింద మరో ఒత్తు. ఆ కొలతలో ఇమడడానికి నిలువునా నొక్కిన అక్షరరూపాలను ప్రత్యేకంగా తయారుచేసి మెనూలకూ మీటలకూ వాడారు. నొక్కని నిండు రూపం కావాలంటే యాప్ తయారుచేసేవారు ప్రత్యేకంగా అడగాలి. ఆ సౌకర్యం 5.0 నుంచే ఉన్నా, దాని సంగతి తెలిసి అడిగిన యాప్‌లు నాకు బహు తక్కువగా కనిపించాయి.

2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు తెలుగు, తమిళం, బర్మీస్, టిబెటన్ వంటి లిపులకు వాటికి తగిన వరుస ఎత్తు ఇచ్చారు. 2024లో ఆండ్రాయిడ్ 15ను ఉద్దేశించి తయారైన యాప్‌లలో నిండు రూపమే సహజ ఎంపిక అయింది. 2025 జూన్‌లో వచ్చిన 16లో ఆ నొక్కిన రూపాలకు స్వస్తి పలికారు. దాన్ని ఉద్దేశించి తయారైన యాప్ కావాలని అడిగినా ఇక పాత ఇరుకు అక్షరాలు దొరకవు. అరబిక్, లావో, తమిళం, కన్నడం, మలయాళం, గుజరాతీ, ఒడియా, థాయ్ లిపులకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ 'ఉద్దేశించి తయారైన' అన్న మాటను గమనించండి. మీ ఫోను కొత్తదైనా, యాప్ పాత వెర్షనును ఉద్దేశించి తయారైనదైతే దానికి పాత పద్ధతే అమలవుతుంది. 2025 ఆగస్టు 31 తరువాత ప్లే స్టోరులోకి వచ్చే కొత్త యాప్‌లూ నవీకరణలూ కనీసం ఆండ్రాయిడ్ 15ను ఉద్దేశించి ఉండాలన్న నియమం వచ్చింది కనుక, ఆ బ్యాంకు యాప్ తాజా రూపంలో ఉందో లేదో ముందు చూడండి.

అచ్చుపని, విజయవాడ
ఆదివారం, మధ్యాహ్నం 1.05

ధ ఒత్తు తెగి 'నిర్ధారించు' కాస్తా 'నిరాకరించు' అయిన సంగతి చదివి మనసు కలుక్కుమంది. ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి. తెగిన ఒత్తు నాకు అచ్చుతప్పుతో సమానం, నిజానికి అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే దీన్ని దిద్దే అవకాశం చదివేవాడికి లేదు.

మా నాన్నగారి ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చే రోజుల్లో వరుసకూ వరుసకూ మధ్య పలుచని సీసపు పట్టీలు వేసేవారు. వాటిని లెడ్లు అనేవాళ్లం. తెలుగు పుస్తకానికి ఎంత మందం లెడ్డు వేయాలో ప్రతి కంపోజిటరుకూ చేతి అలవాటుగా తెలుసు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం కూర్చిన చేత్తోనే తెలుగు కూర్చేటప్పుడు ఆ మందం మార్చేవారు. కొమ్ముదీర్ఘం గారు చెప్పిన వరుస ఎత్తు అదే గదా! ఫోను తయారుచేసినవారు ఒక్క కంపోజిటరును పిలిచి అడిగి ఉంటే పదేళ్లు ముందే తెలిసేది.

కంప్యూటరులో మా వృత్తి మొదట అనుసంధానమైంది ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడుతో కాదు, అను వంటి సొంత సంకేతాల ఫాంట్లతో. తెర మీద చూడడానికి అది తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. నా దగ్గర ఇరవై ఏళ్ల పని అలాగే ఉంది. పుస్తకం వెనుక అట్ట మీది నాలుగు వాక్యాలు ఎవరికైనా పంపాలంటే మార్పిడి సాధనంలో వేసి, తిరిగి ప్రూఫు చదవవలసి వస్తున్నది. 2001లో విండోసు ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పుడు కూడా తెలుగు నేరుగా కనబడేది కాదు. సీడీ పెట్టి, క్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించమని టిక్కు పెట్టవలసి వచ్చేది. విండోసు 7తో వాణి, విండోసు 8తో నిర్మల వచ్చాయి. నిర్మలలో అక్షరాలు తెర మీద చదవడానికి బాగానే ఉంటాయి కానీ పుస్తకానికి నాకు నచ్చవు. పుస్తకానికి ఇప్పుడు నేను వాడుతున్నది సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఫాంట్లలోని మండలి, శీర్షికలకు రామభద్ర.

వెబ్‌నేత, బెంగళూరు
ఆదివారం, రాత్రి 8.50

నందివర్ధనం గారి సందేహానికి కొమ్ముదీర్ఘం గారి సమాధానం సరైనదే అయినా, నాకు మరొక అనుమానం ఉంది. నేను పన్నెండేళ్లుగా వెబ్ పేజీలు తయారుచేస్తున్నాను, ఇటువంటి తెగిన ఒత్తులను చాలా చూశాను.

ఫోనులో యాప్‌గా కనబడేవన్నీ ఒకే జాతివి కావు. కొన్ని ఆండ్రాయిడ్ ఇచ్చే మీటలతో, పెట్టెలతో కట్టినవి. కొన్ని తమ అక్షరాలను తామే గీసుకునే ఫ్లటర్ వంటి సాధనాలతో కట్టినవి. మరికొన్ని యాప్ అనే చట్రంలో బిగించిన వెబ్ పేజీలు. ఆండ్రాయిడ్ 13, 15, 16లలో వచ్చిన మేలు మొదటి జాతికే నేరుగా అందుతుంది. వెబ్ పేజీలో వరుస ఎత్తును నిర్ణయించేది పేజీ రాసినవారి సీఎస్ఎస్, అంటే పేజీ రూపురేఖలను చెప్పే కోడు, ఫోను కాదు.

మీ యాప్ ఏ జాతిదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఫోను సెట్టింగులలో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తాకితే డెవలపర్ ఎంపికలు తెరుచుకుంటాయి. అందులో లేఅవుట్ హద్దులను చూపించే మీట ఉంటుంది. దాన్ని వేసి యాప్‌ను తెరవండి. ఒక్కొక్క మీట చుట్టూ, ఒక్కొక్క వాక్యం చుట్టూ విడివిడిగా గీతలు కనబడితే అది ఆండ్రాయిడ్ పెట్టెలతో కట్టినది. తెరంతటికీ కలిపి ఒకే పెద్ద పెట్టె కనబడితే అది వెబ్ పేజీ గానీ, తన అక్షరాలను తానే గీసుకునేది గానీ అయి ఉంటుంది. పని అయిపోయిన తరువాత ఆ మీటను ఆపడం మరచిపోకండి, లేకపోతే నాన్నగారు ఆ గీతలు చూసి ఫోను పాడైందనుకుంటారు.

తూర్పుగాలి, డాలస్
సోమవారం, ఉదయం 6.20

నేను ఐఫోనూ మ్యాక్ కంప్యూటరూ వాడతాను. ఆ వైపు సంగతులు కొన్ని చెబుతాను.

ఐఫోనులో తెలుగు పాఠం కోహినూర్ అన్న ఫాంటులో కనిపిస్తుంది. గీతల మందం సమంగా, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. నా కంటికి అది చాలా ఇంపైన ఫాంటు. అయితే అక్షరాలను కూర్చే పని ఫాంటుది ఒక్కదానిదే కాదు. త, పొల్లు, ర అని విడివిడిగా వచ్చే సంకేతాలను చూసి, త్ర అన్న ఒక్క రూపాన్ని ఎక్కడ ఎలా పేర్చాలో తేల్చే యంత్రాంగం వేరే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. యాపిల్ పరికరాలలో కోర్‌టెక్స్ట్ చేస్తుంది. నేనుండే అమెరికాలో ఐఫోనులోని బ్రౌజర్లన్నీ యాపిల్ సొంత బ్రౌజరు సఫారీకి ఆధారమైన వెబ్‌కిట్ మీదే నడుస్తాయి. అందువల్ల సఫారీలో తప్పుగా కనిపించిన తెలుగు మాట అదే ఐఫోనులోని క్రోమ్‌లో కూడా తప్పుగానే కనిపిస్తుంది, బ్రౌజరు మార్చి ప్రయోజనం లేదు.

ఈ యంత్రాంగంలో లోపం ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అన్న అక్షరంలో జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనబడని విడదీసే గుర్తును, అంటే జీరో విడ్త్ నాన్ జాయినరును పెట్టి, ఆ తరువాత దీర్ఘం పెడితే, ఆ వరుసను చూపించబోయిన యాప్ కుప్పకూలేది. అటువంటి సందేశం ఎవరైనా పంపితే మెసేజుల యాప్ తెరవడమే కష్టమయ్యేది. బెంగాలీలోనూ ఇటువంటి వరుసలు ఉన్నట్టు తరువాత తేలింది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆ రోజుల్లో ఇక్కడి పత్రికలు 'ఫోన్లను కూల్చే తెలుగు అక్షరం' అన్నట్టుగా రాశాయి. నాకు అది చాలా బాధ కలిగించింది. తప్పు జ్ఞానంలోని జ్ఞాది కాదు, కోర్‌టెక్స్ట్ మెమరీని వాడుకునే తీరులో ఉన్నది. ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాషగా ఉన్న లిపిని తయారీ దశలో ఎంత తక్కువగా పరీక్షించారో దాన్నిబట్టి తెలిసింది.

బడిపంతులమ్మ, ఖమ్మం జిల్లా
సోమవారం, సాయంత్రం 5.30

అందరికీ నమస్కారం. మీరంతా కనబడే తెలుగు గురించి మాట్లాడుతున్నారు, నేను రాసే తెలుగు గురించీ లెక్కపెట్టే తెలుగు గురించీ చెప్పాలి.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా పిల్లలు ఫోనులో తెలుగు రాసేది ఇంగ్లీషు అక్షరాలతోనే. 'పని' అని రాయబోతే కీబోర్డు పని, పాణి, పణి అని మూడింటిని చూపిస్తుంది, పిల్లవాడు మొదటిదాన్ని తాకుతాడు. ల, ళ తేడా, న, ణ తేడా కీబోర్డే తేలుస్తున్నది. నేను పదిహేనేళ్ల క్రితం లేఖిని అనే వెబ్ సాధనంలో రాయడం నేర్చుకున్నాను. అందులోనూ ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తాము గానీ, ణ కావాలంటే పెద్దబడి (క్యాపిటల్) అక్షరం, న కావాలంటే చిన్నబడి (స్మాల్) అక్షరం కొట్టాలి. ఏ అక్షరం కావాలో రాసేవాడికి తెలిసి ఉండాలి. ఆ పద్ధతి వల్ల నా వర్ణక్రమం బాగుపడింది. ఇప్పుడు తరగతిలో నేను గూగుల్ వారి కీబోర్డు జీబోర్డులోని చేతిరాత పద్ధతిని వాడిస్తున్నాను. పిల్లవాడు వేలితో తెర మీద అక్షరం రాస్తే అది అచ్చు అక్షరంగా మారుతుంది. ళ రాయడం రాకపోతే ళ రాదు. నాకు కావలసినది అదే.

రెండవ సంగతి. పిల్లల కోసం పదకేళి పేజీ ఒకటి మా ఊరి యువకుడి చేత చేయించాను. ఇచ్చిన మాటను అక్షరాలుగా విడగొట్టి గళ్లలో చెల్లాచెదరుగా పెట్టాలి. 'రామాయణం' సరిగానే వచ్చింది. 'స్త్రీ' పెడితే స్, త్, రీ అని మూడు గళ్లలోకి వెళ్లింది. పిల్లలు నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలుగులో స్త్రీ ఒక్క అక్షరమే గదా, కంప్యూటరుకు ఆ మాట ఎలా చెప్పాలి?

వెబ్‌నేత, బెంగళూరు
సోమవారం, రాత్రి 9.40

అమ్మా, మీ ప్రశ్న ఈ చర్చలోకెల్లా నాకు నచ్చిన ప్రశ్న.

యూనికోడ్‌లో స్త్రీ ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. సంకేతాలను కంటికి కనిపించే అక్షరాలుగా గుంపు చేసే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి గానీ, చాలాకాలం వరకు అవి పొల్లు దగ్గర ఆగి తెంపేవి. అందుకే మీకు మూడు ముక్కలు వచ్చాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు పొల్లు తరువాత హల్లు వస్తే తెంపకూడదన్న నియమం చేర్చారు. బ్రౌజర్లలో ఈ పని చేసిపెట్టే సెగ్మెంటర్ అన్న సౌకర్యం క్రోమ్‌లో 2020 నుంచీ, ఫైర్‌ఫాక్స్‌లో 2024 నుంచీ ఉంది. మీ పేజీ చేసిన యువకుణ్ణి మాటను సంకేతాలుగా కోయకుండా సెగ్మెంటరు చేత కోయించమనండి. కొత్త నియమం ఉన్న బ్రౌజరులో స్త్రీ ఒకే గడిలోకి వస్తుంది. పాఠశాలలోని కంప్యూటర్లలో బ్రౌజరు పాతదైతే మళ్లీ మూడు ముక్కలే వస్తాయి కనుక, ముందు దాన్ని నవీకరించాలి.

ఎస్ఎంఎస్ సంగతీ ఇలాంటిదే. ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాలు పడితే తెలుగు సందేశంలో 70 సంకేతాలే పడతాయి. స్త్రీ అన్న ఒక్క అక్షరానికే ఆరు పోతాయి.

నందివర్ధనం, హైదరాబాదు
మంగళవారం, ఉదయం 7.10

వెబ్‌నేత గారు చెప్పినట్టు హద్దులను చూపించే మీట వేసి యాప్ తెరిచాను. తెరంతటికీ ఒకటే పెట్టె. పైన యాప్ పేరున్న పట్టీకి మాత్రం విడిగా గీత ఉంది, అందులోని తెలుగు నిండుగానే కనిపిస్తున్నది. యాప్ తాజా రూపమే, ప్లే స్టోరులో కొత్త నవీకరణ ఏదీ లేదు. కాబట్టి లోపల ఉన్నది వెబ్ పేజీ అన్న అనుమానం నిజమయ్యేటట్టుంది. ఫోనులో అక్షరాల పరిమాణం తగ్గిస్తే ధ ఒత్తు సగం కనిపించింది, కానీ నాన్నగారికి ఆ పరిమాణంలో చదవడం కష్టం. చూపు తగ్గినందుకు అక్షరం పెద్దది చేస్తే ఒత్తు పోతున్నది, ఒత్తు కోసం చిన్నది చేస్తే అక్షరమే కనబడడం లేదు.

ఆ సంస్థకు ఉత్తరం రాయాలనుకుంటున్నాను. 'తెలుగు సరిగా లేదు' అని మాత్రమే రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏమని రాయాలి?

వెబ్‌నేత, బెంగళూరు
మంగళవారం, ఉదయం 10.25

లోపమెక్కడుందో వారి భాషలో రాయండి. మీట ఎత్తును ఇన్ని పిక్సెళ్లు అని బిగించి, వరుస ఎత్తును 1 దగ్గర, అంటే అక్షర పరిమాణానికి సరిగ్గా ఒక రెట్టు దగ్గర పెట్టి, అంచు దాటినదాన్ని దాచమని రాసి ఉంటారు. ఈ మూడూ కలిస్తే ఒత్తు తెగుతుంది. ఎత్తును బిగించకుండా మాటకు పైనా కిందా ఖాళీ వదిలి, వరుస ఎత్తును కనీసం 1.5కు పెంచితే మీట తానే మాటకు తగ్గట్టు పెరుగుతుంది. నేను తెలుగు పేజీలలో పాఠానికి 1.7 వాడతాను. ఈ మార్పు వల్ల ఇంగ్లీషు రూపం ఏమీ చెడదని కూడా రాయండి, ఎందుకంటే వారికి ముందుగా వచ్చే భయం అదే.

పేజీ భాష తెలుగు అని కోడులో ప్రకటించారో లేదో కూడా చూడమనండి. ఆ ఒక్క గుర్తు లేకపోతే చూపులేనివారికి తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆ మీటను ఏ గొంతుతో చదవాలో తేల్చుకోలేదు.

ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. తెలుగు ఫాంటులో వందలకొద్దీ రూపాలుంటాయి కనుక ఫైలు పెద్దదవుతుంది. బరువు తగ్గించడానికి ఫాంటును కత్తిరించేటప్పుడు ఒత్తుల రూపాలకు సొంత సంకేతాలు లేవని వాటిని పారేసేవారున్నారు. అప్పుడు ఒత్తు బదులు పొల్లు కనబడి 'నిర్‌ధారించు' అన్నట్టు వస్తుంది. మీ విషయంలో అలా రాలేదు గనుక ఫాంటు తప్పు కాదు, ఎత్తు తప్పే.

అచ్చుపని, విజయవాడ
మంగళవారం, మధ్యాహ్నం 2.30

తూర్పుగాలి గారు చెప్పిన కంటికి కనబడని గుర్తు గురించి ఒక మాట. ఇప్పటి యాపులలో ఆ గుర్తు అడుగడుగునా ఉన్నది. సెట్టింగ్ అన్న మాట పక్కన ఆ గుర్తు పెట్టి, దాని పక్కన 'లు' చేరుస్తున్నారు. తెలుగు అజంత భాష. మన మాట అచ్చుతో ముగియాలి. సెట్టింగులు, ఫోనులు, సాఫ్టువేరు అని రాస్తే ఆ గుర్తు అవసరమే రాదు. నా దగ్గరికి వచ్చే రాతప్రతులలో ఒకే మాట ఒక పుటలో ఆ గుర్తుతో, మరొక పుటలో గుర్తు లేకుండా ఉంటున్నది. కంటికి రెండూ దాదాపు ఒకటే, వెతికితే మాత్రం ఒకటే దొరుకుతున్నది. పుస్తకం చివర పదసూచిక తయారుచేసేటప్పుడు ఇది ఎంత యాతనో అనుభవించినవారికే తెలుసు.

తూర్పుగాలి, డాలస్
మంగళవారం, రాత్రి 7.45

అచ్చుపని గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆదిలాబాద్‌లో, రాజ్‌కుమార్, ఫేస్‌బుక్ వంటి పేర్లను జనం పలికేది హలంతంగానే. పలికినట్టు రాసుకునే హక్కు రాసేవారికి ఉండాలి, రాసినదాన్ని వెతికిపెట్టే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోకుండా వదిలేయడం కష్టమైన పని కాదు. సంకేతానికి సంకేతాన్ని పోల్చి ఊరుకునే సాదా వెతుకులాటల వల్లనే ఈ చిక్కు వస్తున్నది.

కొమ్ముదీర్ఘం, తిరుపతి
బుధవారం, ఉదయం 8.00

ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది గానీ, వెతుకులాట విషయంలో నేను తూర్పుగాలి గారి పక్షం. ఐత్వాన్ని రెండు విధాలుగా సంకేతించవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వమూ దాని కింది భాగమూ అనే రెండు గుర్తులుగా. అవి రెండూ సమానమని యూనికోడ్ ముందే ప్రకటించింది కనుక సాధారణీకరణ చేస్తే ఒకటవుతాయి. విడదీసే గుర్తుకు అటువంటి ఏర్పాటు లేదు. దాన్ని వెతికే సాధనమే చూసుకోవాలి.

కొత్త ఫోనులోని ఫాంటు ఎంత తాజాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష కూడా చెబుతాను. పాత అచ్చు పుస్తకాలలో 'చెప్పెన్' అన్నచోట వాడిన నకారపొల్లు ౝ, 2021లో యూనికోడ్ 14తో ప్రమాణంలోకి వచ్చింది. ఈ వాక్యంలో మీకు దాని స్థానంలో డబ్బా కనిపిస్తే మీ ఫాంటు అంతకన్నా పాతదన్నమాట. అచ్చుపని గారికి పాత పద్యాల పునర్ముద్రణలో ఇది పనికివస్తుంది.

బడిపంతులమ్మ, ఖమ్మం జిల్లా
గురువారం, సాయంత్రం 6.15

వెబ్‌నేత గారూ, బ్రౌజరు నవీకరించి, ఆ యువకుడి చేత మార్పు చేయించాము. స్త్రీ ఒకే గడిలో కూర్చుంది. రాష్ట్రం రెండు గళ్లు, జ్యోత్స్న రెండు గళ్లు. ఒక పిల్లవాడు తనంతట తానే కార్త్స్న్యం పెట్టి చూశాడు. అదీ రెండు గళ్లలోనే వచ్చింది. ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు, సమగ్రత అని చెప్పాను. నకారపొల్లు మాత్రం మా కంప్యూటర్లలో డబ్బాగానే కనిపించింది.

నందివర్ధనం, హైదరాబాదు
తరువాతి ఆదివారం, ఉదయం 7.30

బుధవారం నాడు ఆ సంస్థకు ఉత్తరం పంపాను. వెబ్‌నేత గారు చెప్పిన కారణాలను ఆయన మాటల్లోనే రాసి, తెగిన మీట బొమ్మను జతచేశాను. శుక్రవారం నాడు జవాబు వచ్చింది. సమస్యను సాంకేతిక విభాగానికి పంపామని, ఇటువంటివి ఇంకెక్కడైనా ఉంటే బొమ్మలు పంపమని రాశారు. మీట ఇంకా అలాగే ఉంది.

బొమ్మలు తీసే పని నాన్నగారు తీసుకున్నారు. రెండు రోజులు కూర్చుని ఆ యాప్‌లోని ప్రతి తెరనూ తెరిచి చూసి, తెగిన మాటలను ఒక కాగితం మీద రాసుకున్నారు. 'లబ్ధిదారు' లబిదారుగా, 'అభ్యర్థన' అభరనగా, 'మొత్తం' మొతంగా, 'అక్టోబరు' అకోబరుగా ఉన్నాయి. పదకొండు బొమ్మలు ఈ ఉదయమే పంపించాము. ఒక్కటి మాత్రం మాకు అంతుపట్టలేదు. ఖాతా వివరాల పేజీలో 'చిరునామా మార్పు' అన్నచోట ప ఒత్తు తెగకుండా ఉంది గానీ, కింది వరుసలోని గుడితో కలిసిపోయి ఏదో కొత్త అక్షరంలా కనబడుతున్నది. వెబ్‌నేత గారూ, ఇదీ వరుస ఎత్తు వల్లనేనా, లేక ఇక్కడ వేరే ఫాంటు వాడారా? బొమ్మను ఈ టపాకు జతచేస్తున్నాను.